లెర్న్‌డ్ రాయాలా, లెర్న్ట్ రాయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. హైదరాబాద్‌లో కూర్చుని ఒక అమెరికా కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు ఇంగ్లిషులో వాడుక సూచనలు రాస్తున్నారు. లెర్న్ట్, బర్న్ట్, స్పెల్ట్ అని మీరు రాసిన ప్రతిచోటా అక్కడి సంపాదకురాలు లెర్న్‌డ్, బర్న్‌డ్, స్పెల్డ్ అని దిద్ది పంపుతున్నారు. బడిలో మాస్టారు నేర్పినవేమో టీతో ముగిసే రూపాలు. పక్క సీటు మిత్రుడు "లెర్న్‌డ్ అంటే పండితుడు, నేర్చుకున్నాడని కాదు" అంటున్నారు. గాట్, గాటెన్ మీదా, ప్రూవ్‌డ్, ప్రూవెన్ మీదా ఇదే పేచీ. అర్థం ఒకటే అయినప్పుడు ఏది ఎంచుకోవాలి అని అడిగారు.

ఇరవై రెండేళ్లుగా ఇతరులు రాసిన ఇంగ్లిషు దిద్ది పొట్ట పోసుకుంటున్నాను కాబట్టి ముందు తీర్పు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళ్తాను. మీ మాస్టారు తప్పు నేర్పలేదు. సంపాదకురాలు తప్పు దిద్దలేదు. మిత్రుడు మాత్రం సగమే విన్నారు. రెండు రూపాలూ నిజంగా సమానమైన చోట దిగులు పడకండి. చదివేవారు ఏ దేశంవారో చూసి ఒకదాన్ని పట్టుకోండి, చివరి పేజీదాకా వదలకండి. దిగులంతా సమానంగా కనిపిస్తూ సమానం కాని జంటల కోసం దాచుకోండి. పరువు పోయేది అక్కడే.

ఈ తంటా తెలుగులోనూ ఉన్నదే. వ్రాశాడు, రాశాడు. మళ్ళీ, మళ్లీ. అర్థంలో వెంట్రుకవాసి తేడా లేదు, రెంటిలో ఏదీ తప్పు కాదు. కానీ మొదటి వాక్యంలో "వ్రాశాడు" అని, మూడో వాక్యంలో "రాశాడు" అని ఉంటే అన్నంలో రాయి పంటి కింద పడినట్టు ఉంటుంది. ఇంగ్లిషు పాఠకులకు లెర్న్‌డ్, లెర్న్ట్ ఒకే పేజీలో ఎదురైతే కలిగేదీ ఆ చిరాకే.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒకదాన్ని ఈడీ రూపం అనీ, రెండోదాన్ని టీ రూపం అనీ పిలుద్దాం. (ఈడీ అనగానే సోదాలు గుర్తుకొస్తే ఆ పాపం నాది కాదు.) టీ రూపమే అసలు సిసలు ఇంగ్లిషు అనీ, ఈడీ రూపం అమెరికావాళ్లు సులువు చేసుకున్నదనీ మనలో చాలామందికి ఒక నమ్మకం. కళ్లు మూసుకుని చెవితో వినండి. వాక్ అనే క్రియకు ఈడీ చేర్చి రాస్తాం, పలికేది మాత్రం వాక్ట్. కిస్, డ్రాప్, స్టాప్, మిక్స్ కూడా అంతే, అన్నిటికీ చివర వినిపించేది ట్ శబ్దమే. మనవాళ్లు "వాకెడ్", "వాచెడ్" అని పలకడం అక్షరాలను నమ్మడం వల్ల వచ్చిన అలవాటు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిషు పుస్తకాలు తిరగేస్తే డ్రాప్ట్, స్టాప్ట్ లాంటి మాటలు పలికినట్టే టీతో అచ్చయి కనిపిస్తాయి. తర్వాత రాతలో ఈడీ స్థిరపడింది, నోటిలో ట్ ఉండిపోయింది.

ఎల్, ఎన్, ఎమ్ శబ్దాల తర్వాత మామూలుగా వచ్చేది డ్. కాల్డ్, టర్న్‌డ్, ఫార్మ్‌డ్ అలాంటివి. కొన్ని క్రియలు మాత్రం అక్కడా ట్‌నే పట్టుకున్నాయి. మీన్‌కు మెంట్, ఫీల్‌కు ఫెల్ట్, డీల్‌కు డెల్ట్. వీటికి రెండో దారి లేదు. లెర్న్, బర్న్, స్పెల్, స్మెల్, స్పిల్, స్పాయిల్, డ్రీమ్, లీన్ మాత్రం నాలుగు రోడ్ల కూడలిలో నిలబడిపోయిన బాపతు. బ్రిటన్‌లో వీటికి రెండు రూపాలూ నడుస్తాయి. అక్కడి పుస్తకాల్లో లెర్న్‌డ్ కూడా విరివిగా కనిపిస్తుంది. అందుకే "బ్రిటిష్ అంటే టీ" అని బోర్డు రాసి పెట్టుకోకండి. అమెరికాలో వీటికి ఈడీ రూపం మామూలు. నీల్, లీప్ అనే రెండు క్రియలది మాత్రం వేరే దారి, నెల్ట్, లెప్ట్ అమెరికాలోనూ హాయిగా తిరుగుతున్నాయి. ఈ లెక్కన మీ సంపాదకురాలు మీ తప్పు దిద్దలేదు, మీ ఊరు మార్చారు.

ఇక్కడే ఒక గుంట ఉంది. లెర్న్ట్ ఉంది కదా అని ఎర్న్ట్ అని రాసేవారున్నారు. సంపాదించడం అనే అర్థంలో ఎర్న్‌డ్ ఒక్కటే ప్రామాణికం. పోలికను పట్టుకుని కొత్త టీలు పుట్టించకండి.

డ్రీమ్ విషయంలో అచ్చు కూడా మారుతుంది. డ్రీమ్‌డ్ అంటే దీర్ఘం నిలుస్తుంది, డ్రెమ్ట్ అంటే కురచబడుతుంది. పైకి చదివి వినిపించే రచన అయితే ఈ తేడాను నేను వాడుకుంటాను. రాత్రంతా సాగిన కలకు దీర్ఘం ఉన్నది, ఠక్కున మెలకువ వచ్చిన కలకు కురచది. ఇది వ్యాకరణం కాదు, నా చెవి. సాఫ్ట్‌వేర్ సూచనల్లో కలలకు చోటుండదు కాబట్టి మీకు దీని అవసరం రాదు.

ఇప్పుడు మీ మిత్రుడి పండితుడి దగ్గరికి వద్దాం. అక్షరాలు అవే అయినా అక్కడున్నవి రెండు మాటలు. నేర్చుకున్నాడు అనే క్రియ ఒక్క ఊపులో లెర్న్‌డ్ అని పలుకుతుంది. పండితుడైన అనే విశేషణం రెండు ఊపుల్లో లెర్నెడ్ అని పలుకుతుంది. మన కోర్టుల్లో ఒక వకీలు ఎదుటి వకీలును "మై లెర్నెడ్ ఫ్రెండ్" అంటారే, అది. తెలుగులో "చదువుకున్న" అనే మాట చూడండి. "నిన్న చదువుకున్న పాఠం" అంటే పని, "చదువుకున్న మనిషి" అంటే గుణం. ఎవరూ తికమకపడరు, పక్కనున్న మాట దారి చూపిస్తుంది. ఇంగ్లిషులోనూ అంతే. ఏజ్ అనే మాటదీ ఇదే కథ. నలభై ఏళ్ల వయసు అని చెప్పేటప్పుడు ఏజ్‌డ్, వృద్ధులు అనేటప్పుడు ఏజెడ్. మిత్రుడి అనుమానం పోవాలంటే వాక్యాన్ని పైకి చదివించండి.

విశేషణాల సంగతి ఎలాగూ వచ్చింది కనుక అక్కడే కాసేపు ఆగుదాం. బడిలో మనం వీ వన్, వీ టూ, వీ త్రీ అని మూడు వరుసల పట్టిక బట్టీ పట్టాం. ఆ వీ త్రీ రూపం రెండు ఉద్యోగాలు చేస్తుందని ఎవరూ పెద్దగా చెప్పలేదు. హ్యావ్ పక్కన చేరి క్రియగా పనిచేస్తుంది, నామవాచకం ముందు కూర్చుని విశేషణంగా పనిచేస్తుంది. రెండు రూపాలున్న క్రియల్లో చాలాసార్లు ఒకటి క్రియ పనికి, మరొకటి విశేషణం పనికి సర్దుకుంటాయి. అమెరికాలో రొట్టె మాడ్చినప్పుడు క్రియగా బర్న్‌డ్ అంటారు, మాడిన రొట్టెను బర్న్ట్ టోస్ట్ అంటారు. ఒలికిపోయిన పాల గురించి ఏడవద్దనే ఇంగ్లిషు సామెతలో స్పిల్ట్ అన్న టీ రూపం అమెరికాలోనూ ఇప్పటికీ వినిపిస్తుంది. సామెతలు అంత తొందరగా దుస్తులు మార్చుకోవు. కనుక సంపాదకురాలు మీ బర్న్ట్‌ను విశేషణంగా ఉన్నచోట కూడా మార్చేసి ఉంటే అక్కడ మీరు వినయంగా ఎదురు చెప్పవచ్చు.

ప్రూవ్‌డ్, ప్రూవెన్ పేచీ కూడా ఇలాగే తెగుతుంది. హ్యావ్ పక్కన క్రియగా రెండూ చెల్లుతాయి, అమెరికాలో ప్రూవెన్ వైపు మొగ్గు ఎక్కువ. నామవాచకం ముందైతే ఎక్కడైనా ప్రూవెన్‌దే రాజ్యం. ఉద్యోగ దరఖాస్తుల్లో అందరూ రాసుకునే ప్రూవెన్ ట్రాక్ రికార్డ్ మీకు తెలిసిందే. ఈ ప్రూవెన్ స్కాట్లండ్ భాష నుంచి వచ్చింది. అక్కడి న్యాయస్థానాల్లో దోషి, నిర్దోషి కాక "నాట్ ప్రూవెన్" అనే మూడో తీర్పు శతాబ్దాల పాటు నడిచింది.

కొన్ని పాత వీ త్రీ రూపాలు క్రియగా ఉద్యోగం ఊడినా విశేషణంగా పింఛను తీసుకుంటున్నాయి. మెల్ట్ అనే క్రియకు ఒకప్పుడు మోల్టెన్ ఉండేది. ఇప్పుడు క్రియగా మెల్టెడ్ ఒక్కటే. అయినా కరిగిన వెన్నను మెల్టెడ్ అంటారు, విశాఖ ఉక్కు కర్మాగారంలో కరిగి పారే ఇనుమును మోల్టెన్ అంటారు. వెన్నను మోల్టెన్ అంటే దాన్ని కొలిమిలో పెట్టినట్టు.

గాట్, గాటెన్ మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ "అర్థం ఒకటే" అన్న మాట అట్లాంటిక్ దాటగానే అబద్ధం అవుతుంది. గాటెన్ పాత మాట. బ్రిటన్ దాన్ని వదిలేసింది, అమెరికా ఉంచుకుంది. మన పట్టికలో గెట్, గాట్, గాట్ అని ఉండటానికి కారణం మన పాఠాలు బ్రిటన్ నుంచి రావడం. ఫర్గాటెన్ అనే మాటలో మాత్రం పాత తోక బ్రిటన్‌లోనూ మిగిలింది. అమెరికావారు గాటెన్ ఉంచుకోవడమే కాదు, రెండింటికీ పని పంచారు. "ఐ హ్యావ్ గాట్ ఎ కార్" అంటే కారు ఉంది. "ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్" అంటే కారు సంపాదించాను, కొనుక్కున్నాను. పక్కన టు చేరితే దూరం ఇంకా పెరుగుతుంది. "ఐ హ్యావ్ గాట్ టు గో" అంటే వెళ్లి తీరాలి. "ఐ హ్యావ్ గాటెన్ టు గో" అంటే వెళ్లే అవకాశం దక్కింది. ఒకటి బలవంతం, ఒకటి భాగ్యం.

మా అన్నయ్య కూతురు న్యూజెర్సీలో పుట్టి పెరిగింది. వేసవిలో వచ్చినప్పుడు మా నాన్నగారితో "తాతయ్యా, ఇట్ హ్యాజ్ గాటెన్ హాటర్" అంది. ఆయన పాత కాలపు ఇంగ్లిషు మాస్టారు. "గాటెన్ లేదమ్మా, గాట్ అనాలి" అని దిద్దారు. ఆ పిల్ల నా వైపు చూసింది. ఇద్దరూ సరిగ్గానే మాట్లాడారని చెప్పాను. ఆ రోజు రాత్రి భోజనం దాకా నాన్నగారు నాతో మాట్లాడలేదు.

ఇక సమానంగా కనిపించే వేషధారుల సంగతి. మీ వృత్తిలో అన్నిటికన్నా ముఖ్యమైనది హ్యాంగ్. దీనికి హంగ్, హ్యాంగ్‌డ్ అని రెండు రూపాలు. మనిషిని ఉరితీసిన సందర్భంలో జాగ్రత్తగా రాసేవారు హ్యాంగ్‌డ్ వాడతారు. గోడకు పటం వేలాడదీసినా, ఏ పార్టీకీ మెజారిటీ రాక శాసనసభ ఎటూ తేలకుండా ఉన్నా హంగ్. మన పత్రికలు కూడా హంగ్ అసెంబ్లీ అనే రాస్తాయి కదా. సాఫ్ట్‌వేర్ కదలక మెదలక బిగుసుకుపోతే, మనం నోటితో "హ్యాంగ్ అయింది" అంటాం, సూచనల్లో రాయవలసింది హంగ్. అప్లికేషన్ హ్యాంగ్‌డ్ అని రాస్తే దాన్ని ఉరికంబం ఎక్కించినట్టే. నేను ఒక మాన్యువల్‌లో ఈ మాటను పదకొండు చోట్ల దిద్దాను.

వీవ్ కూడా అంతే. పోచంపల్లి నేతగాడు చీర నేస్తే వోవ్. అదే ఊరి కుర్రవాడు బండి మీద లారీల మధ్య వంకర్లు తిరుగుతూ దూసుకుపోతే వీవ్‌డ్. షైన్‌కు సూర్యుడు వెలిగితే షోన్, బూట్లకు మెరుగు పెడితే షైన్‌డ్. కాస్ట్‌కు ధర అయింది అనే అర్థంలో మార్పు లేదు, నిన్నా కాస్ట్, నేడూ కాస్ట్. కాస్టెడ్ అంటే ఒక పనికి ఎంత ఖర్చవుతుందో అంచనా కట్టడం. "ఐదు వందలు కాస్టెడ్" అని మన ఆఫీసు ఈమెయిళ్లలో రోజూ చూస్తాను.

ఇంత గందరగోళం ఎందుకు వచ్చిందని మీరు అడగలేదు, అయినా చెబుతాను, నాకు ఇష్టమైన భాగం ఇది. ఈడీ చేర్చుకునే క్రియలది క్రమం ఉన్న గుంపు, రూపమే మార్చుకునేవాటిది క్రమం లేని గుంపు. క్రియలు ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు వలస పోతుంటాయి. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్ తెరిచి లూకా సువార్త మొదటి అధ్యాయం చూడండి, సహాయం చేశాడు అనడానికి హోల్పెన్ అని ఉంటుంది. ఇప్పుడు హెల్ప్‌డ్ అంటాం. క్రమం లేని క్రియ క్రమంలోకి వచ్చింది. అదే గ్రంథంలో ఇస్సాకు బావులు తవ్వించిన కథలో డిగ్‌డ్ అని ఉంటుంది. ఇప్పుడు డగ్. క్రమంలో ఉన్నది క్రమం తప్పింది. అమెరికాలో డైవ్‌డ్ పక్కన డోవ్, స్నీక్‌డ్ పక్కన స్నక్ బయలుదేరింది పంతొమ్మిదో శతాబ్దంలోనే.

హార్వర్డ్ పరిశోధకులు ఈ వలసను లెక్కగట్టి 2007లో నేచర్ పత్రికలో ప్రచురించారు. పాత ఇంగ్లిషులో క్రమం లేని 177 క్రియలను తీసుకుని వాటి వెంట నడిచారు. మధ్యయుగపు ఇంగ్లిషుకు వచ్చేసరికి వాటిలో 145, నేటికి 98 మాత్రమే క్రమం లేకుండా మిగిలాయి. తరచు వాడే క్రియలు మొండిగా నిలబడతాయి, అరుదుగా వాడేవి త్వరగా ఈడీ పంచన చేరతాయి. వాడకం వంద రెట్లు తక్కువైన క్రియ పది రెట్లు వేగంగా దారికొస్తుందని వారి లెక్క. గో, కమ్, సే, మేక్ రోజూ నోట్లో నానేవి కాబట్టి వాటి వింత రూపాలను ప్రతి పిల్లవాడూ వింటాడు, మరిచిపోయే వీలే లేదు. రెండు రూపాల మధ్య నిలిచిన లెర్న్, బర్న్ లాంటివి ఈ వలసలో సగం దారిలో ఉన్నాయని అనుకోండి. నిన్న మొన్న పుట్టిన గూగుల్, టెక్స్ట్ లాంటి క్రియలకు ఈ తలనొప్పి లేదు, అవి పుట్టుకతోనే ఈడీ కట్టుకుని వస్తాయి.

నిఘంటువు చూసుకోండి అని అందరూ చెబుతారు, ఎలా చూడాలో చెప్పరు. మెరియమ్ వెబ్‌స్టర్‌లో రెండు రూపాల మధ్య "ఆర్" అని ఉంటే రెండూ సమానం. "ఆల్సో" అని ఉంటే రెండోది చెల్లుతుంది కానీ వాడకం తక్కువ. ఈ ఒక్క చిన్న మాట తెలియక గంటలు వాదించుకున్న వాళ్లను చూశాను. పుస్తకాల్లో ఒక మాట ఏ ఏడాది ఎంత వాడారో గీతగా చూపే గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో బ్రిటిష్, అమెరికన్ పుస్తకాలను విడివిడిగా పెట్టి గీతలు పోల్చవచ్చు. ఒక్క జాగ్రత్త. లెర్న్‌డ్ గీతలో పండితులు కూడా కలిసి ఉంటారు, స్పెల్ట్ గీతలో ఒక రకం గోధుమ కూడా ఉంటుంది.

ఆ గోధుమే నా పరువు తీసింది. కొన్నేళ్ల క్రితం ఒక ఆహార సంస్థ వెబ్‌సైటును బ్రిటిష్ ఇంగ్లిషు నుంచి అమెరికన్‌కు మార్చే పని వచ్చింది. సాయంత్రం ఆరు దాటింది, ఇంటికి పోయే తొందర. స్పెల్ట్ ఉన్నచోటల్లా స్పెల్డ్ పెట్టమని కంప్యూటర్‌కు ఒక్క ఆదేశం ఇచ్చి లేచాను. మర్నాడు ఫోను. స్పెల్ట్ గోధుమపిండితో చేసిన రొట్టెలన్నీ "స్పెల్డ్ పిండి" రొట్టెలైపోయాయి. అక్షరాలు కూడబలుక్కుని చదివిన పిండి అన్నమాట. అప్పటి నుంచి అన్నీ ఒకేసారి మార్చే మీట నొక్కను. ఒక్కొక్కటీ వెతికి, చూసి, మారుస్తాను. ఎవరైనా అన్న మాటలు ఉటంకింపు గుర్తుల్లో ఉంటే అక్కడ అసలు చేయి పెట్టను, బ్రిటన్ మనిషి లెర్న్ట్ అన్నాడంటే అది లెర్న్ట్‌గానే ఉండాలి.

మీ పనికి వస్తే, సంపాదకురాలిని ఒక్క ప్రశ్న అడగండి. వారి సంస్థ ఏ నిఘంటువును, ఏ శైలి పుస్తకాన్ని పాటిస్తుంది? చెప్పిన తర్వాత ఒక పేజీ తీసుకుని మీ రచనల్లో తగిలే క్రియలు రాసుకోండి. లెర్న్, స్పెల్‌లకు ఎప్పుడూ ఈడీ. బర్న్‌కు క్రియ అయితే ఈడీ, విశేషణం అయితే టీ. హ్యాంగ్‌కు హంగ్. గెట్‌కు, ఉంది అనే అర్థమైతే గాట్, అయింది లేదా దొరికింది అంటే గాటెన్. నా బల్ల ముందు గోడకు అలాంటి కాగితాలు మూడున్నాయి, ఒక్కో క్లయింటుకు ఒకటి. కంప్యూటర్‌లో భాషను కూడా అమెరికన్ ఇంగ్లిషుకు మార్చండి. మన ఆఫీసుల్లో చాలా యంత్రాలు ఇండియా లేదా బ్రిటన్ ఇంగ్లిషు మీదే ఉంటాయి, అందుకే మీ టీలకు ఎర్రగీత పడి ఉండదు.

రేపు హైదరాబాద్ పత్రికకో, లండన్ క్లయింటుకో రాయవలసి వస్తే లెర్న్ట్‌ను నిక్షేపంగా బయటికి తీయండి.

ఉత్తరం చివర ఇన్‌పుట్ గురించి కూడా అడిగారు, భూతకాలంలో ఇన్‌పుట్టెడ్ అనాలా, ఇన్‌పుట్ అనే ఉంచాలా అని. నిఘంటువుల్లో రెండూ ఉన్నాయి. మొదటిది చెవికి గుచ్చుకుంటుంది, రెండోది నిన్నటిదో నేటిదో తెలియదు. నేనైతే రెండూ మానేసి ఎంటర్డ్ అని రాసి తర్వాతి వాక్యానికి వెళ్లిపోతాను.